రెండో ట్రంపెట్ మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నా నోట్లో సాక్సఫోన్ రీడు నానుతోంది. రీడంటే వెదురు చీలిక లాంటి చిన్న బద్ద. అది ఉమ్మితో బాగా తడిస్తే గాని వాద్యం పలకదు. అరసవల్లిలో ఒక పెళ్లి, ముహూర్తానికి ఇంకా టైముంది. ఫోను స్పీకర్లో పెట్టి ఒళ్లో వేసుకున్నాను. అవతల మాస్టారి భార్య.

"అమ్మా, మీ మేస్టారు తెల్లారగట్ల ఎల్లిపోయారమ్మా. బాధేటీ పడలేదు. కాఫీ కావాలన్నారు. నేను కలిపి తెచ్చేలోగా అయిపోనాది" అంది.

నోట్లో బద్ద ఉండటంతో "ఊఁ" అన్నాను. ఆ బద్ద తీసి పారేసి ఏడవాల్సింది. ఎందుకో తీయబుద్ధి కాలేదు. ఆవిడకి సంగతి అర్థమైపోయింది. "రీడు నోట్లో ఉన్నాదేటి? ఉండనీ, ఉండనీ. నువ్వు పని సూసుకుని నింపాదిగా రా" అని ఫోను పెట్టేసింది. మొగుడు పోయిన గంటకి ఎదుటి మనిషి నోట్లో రీడు సంగతి గుర్తుపట్టిన ఇల్లాలు ఆవిడ. ఆ ఇంట్లో అన్నేళ్లు ఉంటే ఎవరికైనా అలవాటైపోతుంది మరి.

మాస్టారి జీవిత చరిత్ర రాయమంటే నావల్ల కాదు. నాకు తెలిసింది తక్కువ. కుర్రతనంలో వాల్తేరులో రైల్వే వాళ్ల క్లబ్బు ఒకటి ఉండేదట. అక్కడ శనివారం సాయంత్రాలు జంటలు డాన్సు చేస్తుంటే బ్యాండు వాయించేవారట. అందులో ఈయనది రెండో ట్రంపెట్. తరవాత గరివిడి వచ్చి ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడటంవల్ల ఎడమ కాలు కాస్త కురచ. అంతే. మిగతాదంతా ఆయన కూనిరాగమే.

ఆ కూనిరాగంతోనే నాకు పరిచయం, అదీ గొడవతో. విజయనగరంలో ఒక గృహప్రవేశానికి మా మేళం వెళ్లింది. మాది తాతల నుంచీ గుడి సన్నాయి వాయించే ఇల్లు. నేను సన్నాయి వదిలి సాక్సఫోన్ పట్టుకున్నానని మా నాన్న చాన్నాళ్లు నాతో కలిసి భోజనానికి కూర్చోలేదు. అలాంటి ఇంట్లో నెగ్గుకొచ్చిన దాన్ని కాబట్టి నాకు కోపం త్వరగా వస్తుంది. వచ్చినంత త్వరగా పోదు కూడా. ఆవేళ ముందు వరసలో తెల్లచొక్కా పెద్దాయనొకరు కూర్చుని, నేను వాయిస్తున్నంతసేపూ నాకు వినపడేలా ఏదో వేరే పాడుతున్నారు. నేను పైకి పోతే ఆయన కింద ఉంటారు. నేను ఆగితే ఆయన కదులుతారు. పాట కాగానే మైకు పక్కకి తిప్పి గట్టిగానే అడిగాను.

"తాతగారూ, పాడితే తిన్నగా పాడండి. లేకపోతే ఊరుకోండి. మీవల్ల నాకు శృతి పోతంది."

ఆయన నొచ్చుకోలేదు. "పోలేదమ్మా. నువ్వు రోడ్డు మీద నడుస్తన్నావు. నేను పక్కన గట్టు మీద నడుస్తన్నాను. ఇద్దరం ఒక్కూరికే ఎల్తన్నాం. మల్లీ ఒకసారి వాయించు. ఈమాటు నన్ను తిట్టుకోకుండా ఇను" అన్నారు.

తిట్టుకుంటూనే వాయించాను. కాని చరణం మొదలయ్యేసరికి నా స్వరం కింద ఇంకో స్వరం వచ్చి నిలబడింది. నేను దాని మీద చేరగిలబడ్డాను. చిన్నప్పటి నుంచి వాయిస్తున్నాను, నా వెనక శృతిపెట్టె ఉంటుంది, డోలు ఉంటుంది. కాని స్వరానికి స్వరం తోడుండటం అంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. చాలా సంతోషం వేసింది. అంత సంతోషంలోనూ కోపం పూర్తిగా పోలేదు గనక ఆయనకి ఆ ముక్క చెప్పలేదు.

మొదటి ట్రంపెట్‌ది పాట. ఆ పాట కింద నిలబడి దాన్ని మోసేది రెండోది. జనానికి అది వినపడదు. మాస్టారు ఏళ్ల తరబడి ఆ కిందదే వాయించారు గనక, ఆయనకి ఏ పాటైనా ఆ కింది దారిలోనే గుర్తుండేది. వీధి చివర భజనలో ఈయన గొంతు కలిపితే పక్కవాళ్లు తప్పులు పాడేవారట. చివరికి ఆయన్ని చప్పట్లకి మాత్రమే పరిమితం చేశారు. "పెళ్లైన కొత్తలో నేను పాట అడిగితే ఇలాగే ఏదో పాడీవోరమ్మా. ఈయనకి పాట రాదు పాపం అనుకుని, బాగున్నాది బాగున్నాది అనీదాన్ని" అని ఆయన భార్య చెప్పేది.

ఆ ఇంట్లో ఒక పాత గ్రామఫోను, దానికి తగిన నల్లటి రికార్డు పళ్లేలు కొన్ని ఉండేవి. క్లబ్బు వాళ్లు డాన్సులు మానేసినప్పుడు తెచ్చుకున్నవి. అన్నీ అమెరికా దేశపు బిగ్ బ్యాండులవి. స్వింగ్ అనే బాణీ ఊరూరా ఊపేసిన రోజుల్లోవి. వాటిలో ఒకటి ఆయన ప్రాణం. దాని చివర్లో ట్రంపెట్లన్నీ కలిసి మేడ ఎక్కుతున్నట్టు ఒక్కో స్వరమే పైకి పోతాయి. అందుకని మేమంతా దాన్ని మెట్ల పాట అనేవాళ్లం. పదిహేను, పదహారు మంది ఊపిరి కలిసి వాయించిన ఆ పాటని, ఆ కూర్పు ఉన్నది ఉన్నట్టుగా, మళ్లీ మనుషుల చేత వాయించి వినాలని ఆయన కోరిక. రికార్డులో విన్నది వినడం కాదంటారాయన. "ఫొటోలో అన్నం తింటే కడుపు నిండుతాదేటి?" అనేవారు.

ఆ మనుషులు ఎక్కడ దొరుకుతారు? విజయనగరంలో సింహాచలం బ్యాండు ఉంది. పెళ్లి ఊరేగింపుల బ్యాండు. ట్రంపెట్లు, క్లారినెట్లు, బొజ్జంత నోరున్న పెద్ద బూరలు, ఎర్రకోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. సింహాచలం అనేది దాని యజమాని పేరు, అతని తాత పెట్టిన బ్యాండు అది. పెద్ద డోలు సింహాచలమే వాయిస్తాడు. కాని మాస్టారు వాళ్లని అడగడానికి వెళ్లేసరికి ఆ బ్యాండుకి రోజులు దగ్గర పడ్డాయి. పెళ్లిళ్లన్నీ డీజే బాక్సులకి పోయాయి. సింహాచలం కూడా విసిగిపోయి, ఇత్తడి బూరలన్నీ తూకానికి అమ్మేసి తనే బాక్సులు కొనుక్కుందామని పాత సామాన్ల షావుకారుతో మాట్లాడేసుకున్నాడు. కరిగించేస్తే ఏ బిందెలో, గంటలో అవుతాయి.

మాస్టారు బూరలు పెట్టే షెడ్డులోకి పోయి ఒక్కో బూరనీ చేత్తో తడిమి చూసి, "ఒక్క ఫంక్షను సెయ్యి సింహాచలం. అది ఇన్నాక కూడా అమ్మాలనిపిస్తే అమ్మీ, నేను అడ్డు రాను" అన్నారట. గరివిడిలో ఆయనతో పనిచేసిన ఒకాయన కూతురి పెళ్లి రిసెప్షనుకి బ్యాండు పెట్టించే పూచీ ఆయనే తీసుకున్నారు. సింహాచలానికి ఆయనంటే గౌరవం. "సరే మేస్టారూ. ఆఖరిసారి మీ ముచ్చట కూడా తీరుద్దాం. మర్నాడు పొద్దున్న షావుకారి బండి వస్తాది. అది మాత్రం మారదు" అన్నాడు. అంటే ఆ బూరలు ఉండటమా, కొలిమికి పోవడమా అన్నది ఆ ఒక్క సాయంత్రం మీద ఉంది.

సాక్సఫోన్ కోసం నన్ను పిలిచారు. నేను బెట్టు చేద్దామనుకున్నాను గాని, గట్టు మీద నడిచే మనిషితో మళ్లీ నడవాలని నాకే ఉంది.

బ్యాండు వాళ్లకి నొటేషను చదవడం రాదు, చెవితోనే పట్టుకుంటారు. మాస్టారు కాగితం జోలికి పోలేదు. గ్రామఫోను ముందు కూర్చుని, ముల్లు ఎత్తి పెట్టి ఎత్తి పెట్టి, ఆ రొదలోంచి ఒక్కో వాద్యాన్నీ విడదీసి, ఎవరిది వాళ్లకి నోటితో పాడి, వాట్సాప్‌లో పంపించేవారు. ఒకడికి వచ్చింది "పా... ఆగు, ఆగు... ప్పా". ఇంకొకడికి "డూ డూ, ఊపిరి పీల్సుకో, డూ". ఏ ముక్కకి ఆ ముక్క విడిగా వింటే అందులో పాట అనేది ఎక్కడా ఉండదు. మొగుడి ఫోనులో ఈ అరుపులు విని పెద్ద బూరాయన భార్య సింహాచలం ఇంటికి వచ్చి, "అన్నయ్యా, మా ఇంటాయనకి ఎవుడో ముసిలోడు రోజూ ఫోను సేసి మొరుగుతన్నాడు, పోలీసులకి సెప్పీమంటావేటి?" అని అడిగింది. నాకొచ్చిన ముక్కలు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. ఆయన పాడుతుంటే వెనక ప్రెషర్ కుక్కర్ కూత వేస్తుంది. ఆయన దానికీ ఒక రెండో స్వరం కలుపుతారు.

అందరూ తమ ముక్కలు నేర్చుకున్నారు. కాని ఊపు రాలేదు. స్వింగ్ అంటే కష్టమే. మన లెక్కలో రెండు దెబ్బలు సమానంగా పడే చోట, మొదటిది కాస్త సాగాలి, రెండోది కాస్త కురచ అవ్వాలి. చెప్తే ఇంతే. వాయించబోతే అందరూ పెరేడు చేస్తున్నట్టు టకటకా వాయిస్తున్నారు. నేనైతే అలవాటుకొద్దీ ప్రతి స్వరానికీ గమకం వేస్తున్నాను. "వంచకమ్మా, ఊపు" అంటారు నన్ను. ఊపడం ఎలాగో చెప్పరు.

ఒక ఆదివారం అందరినీ బడి ఆటస్థలంలోకి తీసుకెళ్లారు. "వాయిద్యాలు కిందెట్టండి. నా ఎనక నడండి. నా కాళ్లు సూడండి" అని ముందు బయల్దేరారు. కుడికాలు నిలకడగా ఎక్కువసేపు, ఎడమకాలు గబుక్కున తక్కువసేపు. సాగు, కురచ. సాగు, కురచ. ఏ రోజూ ఆయన మమ్మల్ని తన కాలు వంక చూడనిచ్చేవారు కాదు. ఆవేళ ఆ కాలే పాఠం అయింది. ఎర్రటి ఎండలో అంతమందిమీ ఆయన వెనక కుంటుకుంటూ ఆ మైదానం చుట్టూ తిరిగాం. సింహాచలం బొజ్జ కూడా లయగానే ఊగింది.

అటుగా గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక ముసలమ్మ ఇది చూసి గంప దించేసింది.

"ఓలమ్మో! ఏటీ ఇడ్డూరం! పెద్దాయన కాలు బాగోక కుంటతంటే ఎనకాల ఇంతమంది ఎక్కిరిస్తారేట్రా! మీ ఇల్లల్లో ముసిలోల్లు లేరేట్రా! ఆ ఆడపిల్లకైనా సిగ్గుండక్కర్లేదేటి!"

"కాదు పెద్దమ్మా, ఆయనే సెయ్యమన్నారు" అన్నాడు సింహాచలం.

"ఆయనెందుకు సెయ్యమంతాడ్రా? నీకు మతున్నాదేటి?"

మాస్టారు వెనక్కి వచ్చి, "అవునమ్మా, నేనే. నా నడక ఈల్లకి నేర్పతన్నాను" అన్నారు. ఆవిడ ఆయన్ని కింద నుంచి పై దాకా చూసింది. "అయితే నీకే బుద్ధి లేదు బాబూ. మంచి నడకున్నోల్లకి కుంటి నడక నేర్పుతావేటి?" అని గంప ఎత్తుకుని గొణుక్కుంటూ పోయింది. మాస్టారు నవ్వి నవ్వి నేల మీద కూలబడిపోయారు. ఆ నవ్వు చూశాక ఇంక ఎవరికీ మొహమాటం మిగల్లేదు. ఆ మధ్యాహ్నం వాద్యాలు తీస్తే ఊపు వచ్చింది. వేరు వేరు ఫోనుల్లో మొరుగుళ్లలాగా ఉన్నవన్నీ ఒకదాని సందులో ఒకటి పడి పాటైంది. పెద్ద బూరాయన వాయిస్తూ వాయిస్తూ "ఓర్నీ, ఇదా!" అని బూర నోట్లోంచి తీసేశాడు. వాయించడం ఆపినందుకు మాస్టారు ఆయన్ని తిట్టలేదు.

తరవాత కుర్చీల తగువు వచ్చింది. రికార్డు అట్ట మీద బొమ్మలో బ్యాండు మూడు వరసల్లో కుర్చీల్లో కూర్చుని ఉంటుంది. తమ వంతు వచ్చిన వరస లేచి వాయించి మళ్లీ కూర్చోవాలి. అలాగే ఉండాలన్నారు మాస్టారు. మా వాళ్లు ఊరేగింపుల్లో నడుస్తూ వాయించడమే గాని ఎన్నడూ కూర్చుని వాయించి ఎరగరు. లేచినవాడు కూర్చోడు. కూర్చున్నవాడికి ఊపిరి రాదు. "మేస్టారూ, పెల్లిలో కుర్సీలో కూకుంటే ఈల్లకి వాయించడం గుర్తు రాదు, ఇస్తరాకు గుర్తొస్తాది" అన్నాడు సింహాచలం. అయినా ఆయన వదల్లేదు. ఆ విషయంలో పరమ మొండి. "ఒక్క స్వరం మారకూడదు. ఒక్క మలుపు తప్పకూడదు. ఆల్లు కట్టిన ఇల్లు ఇది. మనం అద్దెకున్నోల్లం. గోడలు పడగొట్టకూడదు" అనేవారు.

ఒక్క చోట మాత్రం ఆ ఇంటికి గోడ లేదు. మెట్లెక్కడానికి ముందు సాక్సఫోన్ ఒంటరిగా కాసేపు వాయించాలి. రికార్డులో ఆ వాయించినాయన అప్పటికప్పుడు తన మనసుకి తోచింది వాయించాడట. ఆ ముక్క మాస్టారు నాకు పాడి పంపలేదు. నేనే గ్రామఫోను దగ్గర కూర్చుని అచ్చంగా ఆయన వాయించినట్టే నేర్చుకుని వచ్చి వినిపించాను. మెచ్చుకుంటారని నా ఆశ. మాస్టారు మొహం అటు తిప్పుకున్నారు.

"ఎవుడి సొక్కానో ఉతికి తొడుక్కొచ్చావమ్మా. నీ సొక్కా ఏదీ?"

"మరి ఒక్క స్వరం మారకూడదన్నారు కదా?" అన్నాను, కోపంగానే.

"అది ఆయన సొంతం. నీది నువ్వు తెచ్చుకో" అన్నారు. ఇంతకి మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఏదో ఒకటి అల్లుకున్నాను. అది నాకే నచ్చలేదు. ఎంతైనా ఇరవై సెకన్ల ముక్క, ఎలాగో గట్టెక్కచ్చని ధైర్యం చెప్పుకున్నాను.

రిసెప్షను రోజు గరివిడిలో కల్యాణమండపం కిటకిటలాడింది. మూడు వరసల కుర్చీలు, ఎర్రకోట్లు. పియానో బదులు సినిమా పాటల ఆర్కెస్ట్రా నుంచి తెచ్చుకున్న కీబోర్డు ఒక మూల. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఎదురుగా నిలబడ్డారు. జనం వంక చూస్తే నాకు నీరసం వచ్చింది. బఫే దగ్గర ఒకటే తోపులాట. వేదిక మీద ఫొటోలు. బ్యాండు వైపు చూసే నాథుడు లేడు. సింహాచలం డోలు సవరించుకుంటూ, "సూశారా మేస్టారూ" అన్నాడు. మాస్టారు పట్టించుకోకుండా కుడికాలు సాగదీసి, ఎడమకాలు కురచగా వేసి, చెయ్యి ఊపారు.

పాట లేచింది. మొదటి వరస లేచి కూర్చుంది. రెండో వరస లేచి కూర్చుంది. ఒక్క తప్పు లేదు. మాస్టారి పెదాలు రెండో ట్రంపెట్ కింది దారిలో కదులుతున్నాయి. నా వంతు దగ్గర పడుతోంది. అప్పుడు జరిగింది.

పెళ్లికూతురి మేనమామ, పళ్లెం పక్కన పెట్టేసి, బ్యాండు ముందుకి వచ్చి చేతులెత్తి గంతులేయడం మొదలుపెట్టాడు. అంతే. ఊరేగింపు బ్యాండుకి ఒక ధర్మం ఉంది. పెళ్లివారి మనిషి ముందుకొచ్చి ఆడితే, ఆయన ఏ ముక్కకి ఆడుతున్నాడో ఆ ముక్క దగ్గరే ఆగి, ఆయన అలిసేదాకా అదే తిప్పి తిప్పి వాయించాలి. పాట ముందుకి పోయిందా, ఆ ఆడేమనిషిని అవమానించినట్టే. అది తాతల నాటి నుంచి వాళ్ల ఒంట్లో ఉంది. ట్రంపెట్ల వాళ్లు లేచారు. కూర్చోలేదు. కుర్చీలు వెనక్కి తోసేసి వెళ్లి మేనమామ చుట్టూ వలయం కట్టారు. క్లారినెట్లు కూడా వెళ్లాయి. నా వంతుకి ముందు వచ్చే ముక్క ఒకటే మళ్లీ మళ్లీ తిరుగుతోంది. సింహాచలం కూడా డోలు మెడలో వేసుకుని వెళ్లిపోయాడు. చెల్లాచెదురైన కుర్చీల మధ్య నేనొక్కదాన్నే మిగిలాను.

మాస్టారి చెయ్యి గాల్లో అలాగే ఉంది. ఆ ముఖం చూడలేకపోయాను. నెలల తరబడి ముల్లు ఎత్తి పెట్టి విడదీసిన కూర్పు అది. మెట్ల దాకా పోకుండా ఆగిపోయి, గానుగెద్దులాగా ఒకే చోట తిరుగుతోంది. అయిపోయింది, పొద్దున్న బండి వస్తుంది, బూరలు పోతాయి అనుకున్నాను.

చెయ్యి మెల్లిగా కిందికి దిగింది. ఆయన కాసేపు ఆ వలయాన్నే చూస్తూ నిలబడిపోయారు. మేనమామ పక్కన ఇంకో ఇద్దరు చేరారు. ఆడవాళ్లు కొందరు కొంగులు బిగించారు. మాస్టారి ముఖంలో ఏదో మారింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అరిచారు.

"సింహాచలం, ఆపకు! అలాగే తిప్పు!" తరవాత నావైపు తిరిగి, "అమ్మా, లే! ఆల్ల కాళ్లు ఆగేదాకా నీదే! బేగి!"

లేచాను. అల్లుకున్న ముక్క వాయించేశాను. అది అయిపోయింది. కింద ట్రంపెట్లు తిరుగుతూనే ఉన్నాయి, కాళ్లు ఆగలేదు. ఇంక నా దగ్గర ఏమీ లేదు. ఏం చెయ్యాలో తెలియక, పల్లకీ గుడి మలుపు తిరిగేటప్పుడు మా నాన్న సన్నాయి మీద వాయించే ముక్క ఒకటి అందుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ విన్నది, ఎన్నడూ వాయించనిది. దాన్ని మాస్టారి నడక మీద పెట్టాను. కుదిరింది. అంత బాగా కుదురుతుందని కలలో కూడా అనుకోలేదు. వంచాను కూడా. వంచుతూనే ఊపాను. మాస్టారు వద్దనలేదు. కళ్లు మూసుకుని కింద గట్టు మీద నాతో నడుస్తున్నారు. ఎంతసేపు వాయించానో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి బఫే దగ్గర జనం లేరు. పళ్లేలు చేత్తో పట్టుకుని అందరూ మా చుట్టూ ఉన్నారు. పెళ్లికూతురు పూలదండతో సహా వేదిక దిగి వచ్చేసింది. అప్పుడు మాస్టారు చెయ్యెత్తారు, సింహాచలం డోలు మీద రెండు దెబ్బలు వేశాడు, ట్రంపెట్లన్నీ కలిసి మెట్లెక్కాయి.

అంతా అయ్యాక మాస్టారు చేతులు కడుక్కునే కొళాయిల దగ్గర ఒక కుర్చీలో కూలబడి ఉన్నారు. మంచినీళ్లు ఇచ్చాను. సగం తాగి, చిన్నపిల్లాడిలాగా నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ పళ్లెంలో మూడు నిమిషాలకే చోటమ్మా. అంతకంటే పట్టదు. క్లబ్బులో మేం అలాగ వాయించీవోలం కాదు. జనం డాన్సు ఆపేదాకా తిప్పీవోలం. మర్సిపోనాను. ఇన్నేళ్లూ ఆ పళ్లెం ఇని ఇని, పాటంటే మూడు నిమిషాలే అనీసుకున్నాను. సూడు, ఈల్లకి ఎవుడూ సెప్పలేదు."

ఆయన అలా తన తప్పు తనే పట్టుకుని అంత సంబరపడుతుంటే నాకు ముద్దొచ్చింది. అవతల గోడ దగ్గర సింహాచలం ఎవరో తలపాగా ఆసామితో చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. అమ్మకం సంగతి అడగడానికి మా ఇద్దరికీ ధైర్యం చాల్లేదు.

మర్నాడు పొద్దున్నే విజయనగరంలో బ్యాండు షెడ్డుకి వెళ్లాను. మాస్టారు నాకంటే ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్లలేదు. షావుకారి బండి వచ్చి ఆగింది. వెనక రేకు దించి, డ్రైవరు కొక్కెం త్రాసు తీసుకుని లోపలికి వెళ్లాడు. బూరలన్నీ గోడవారన వరసగా పెట్టి ఉన్నాయి. మాస్టారు వాటి వంక చూడకుండా రోడ్డు వైపు చూస్తున్నారు.

"ముందేది తూయాల?" అన్నాడు డ్రైవరు.

సింహాచలం లోపలి గదిలోంచి వచ్చాడు. ఎర్రకోటు తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటున్నాడు. "తూకం లేదు, ఏటీ లేదు. అన్నీ ఎక్కించు. బొబ్బిలి ఎల్లాల. అక్కడి పెల్లివోరు రాత్రి మండపం కాడే మాటాడేసుకున్నారు, ఊరేగింపు ఇయ్యేలే" అన్నాడు.

"అదేటి, కొట్టుకి కాదా?"

"మీ షావుకారికి నేను సెప్పుకుంటాన్లే. నీ కిరాయి నీకిస్తాను, తోలు." అని గుమ్మం వైపు తిరిగి, "మేస్టారూ, ఇంతకీ కుర్సీలు కూడా ఎక్కించమంతారేటి?" అని అడిగాడు.

మాస్టారు చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నారు. "కుర్సీలెందుకురా, ఎలాగూ లేచిపోతారు" అని వచ్చి బండి రేకు పట్టుకున్నారు. సింహాచలం ఆయన్ని రెండు చేతులా ఎత్తి బూరల మధ్య కూర్చోబెట్టాడు. బండి బొబ్బిలి రోడ్డెక్కింది.